కత్తి దొరికింది సరే, పేపరు తడిసిందా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడు మదనపల్లె నుంచి వచ్చి మారతహళ్లిలో మీ దగ్గరే ఉండేవాడు. సర్జాపుర రోడ్డు వైపు జరిగిన రియల్ ఎస్టేట్ వ్యాపారి హత్య కేసులో ఏ2, అంటే రెండో నిందితుడు. నెల రోజుల పాటు టీవీల్లో మీ ఇంటి గేటు కూడా చూపించారు. హత్య జరిగి ఏడాదిన్నర అయింది, ఛార్జెస్ ఫ్రేమ్ అయ్యాయి, కుర్రాడు పరప్పన అగ్రహారం జైల్లో ఉన్నాడు. కళ్లారా చూసిన సాక్షి ఒక్కరూ లేరు. పోలీసుల దగ్గర ఉన్నవి నాలుగు లక్షల అప్పు తగాదా, రాత్రి 9.40కి టీ కొట్టు దగ్గర ఇద్దరూ ఉన్న సీసీటీవీ, సెల్ టవర్ లొకేషన్, అతనే చూపించాడంటున్న కత్తి, చొక్కా మీద రక్తపు మరక. "ఇంత బలహీనమైన సాక్ష్యంతో శిక్ష వేస్తారా సార్? దీన్ని ఎలా ఎదుర్కోవాలి?" అని అడిగారు.

నాది హిందూపురం. బెంగళూరు సెషన్స్ కోర్టుల్లో 23 ఏళ్లుగా నిందితుల తరఫున వాదిస్తున్నాను. మీ కాగితాలు చూడలేదు కాబట్టి మీ తమ్ముడి కేసులో ఏమవుతుందో చెప్పను. ఇలాంటి కేసు లోపల ఎలా నడుస్తుందో, గొలుసు ఎక్కడ తెగుతుందో మాత్రం చెప్పగలను.

ముందు ఒక చేదు మాట. చూసిన సాక్షి లేడు కాబట్టి కేసు నిలబడదు అనే భ్రమలో ఉండొద్దు. 2003 డిసెంబరులో ఇదే ఊళ్లో రింగ్ రోడ్డు దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు హత్య జరిగింది, నిశ్చితార్థమైన మూడో రోజున. అప్పట్లో నేను కొత్తగా నల్లకోటు వేసుకున్నవాడిని, కోర్టు క్యాంటీన్లో వేరే మాటే ఉండేది కాదు. ఫోన్ కాల్ రికార్డుల్లాంటి పరిస్థితుల సాక్ష్యం మీదే నడిచిన ఆ కేసులో 2010లో శిక్ష పడింది, 2025 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. పరిస్థితుల సాక్ష్యం అంటేనే బలహీనం అని కాదు. ముక్కకి ముక్క సరిగ్గా అతికితే, తడబడే ప్రత్యక్ష సాక్షి కంటే అదే గట్టిది. మీ కేసులో అతికిందా లేదా అన్నదే చూడాలి.

అతకడం అంటే ఏమిటో 1984లో శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పుణేలో భార్య సైనైడ్‌తో చనిపోయింది, కింది కోర్టు, హైకోర్టు రెండూ భర్తకు ఉరిశిక్ష వేశాయి, సుప్రీంకోర్టు వదిలేసింది. అందులో రాసిన ఐదు సూత్రాలను మేం పంచశీల అంటాం. చట్టం భాష తీసేసి చెబితే ఇంతే: ప్రతి పరిస్థితినీ విడివిడిగా పూర్తిగా రుజువు చెయ్యాలి, 'అయ్యుండొచ్చు' చాలదు, 'అయ్యే తీరాలి'. ఆ పరిస్థితులన్నీ కలిపి చూస్తే ఇతనే చేశాడు తప్ప ఇంకో రకంగా అర్థం చేసుకునే వీలు ఉండకూడదు. మధ్యలో ఒక్క లింకు కూడా ఊడి ఉండకూడదు.

ఇది తెలిసిన కుటుంబాలు కూడా చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. అంతా అబద్ధం, పోలీసులు కట్టు కథ అల్లారు, అసలు హంతకుడు ఫలానా వాడు అని మొదలుపెడతారు. అసలు హంతకుణ్ని పట్టుకోవడం మీ పని కాదు. కట్టు కథ అని నిరూపించాల్సిన పని కూడా మీ నెత్తిన వేసుకోవద్దు. ఒక్కో సాక్ష్యం తనంతట తాను ఎంత చెబుతోంది, పోలీసులు దాని చేత ఎంత చెప్పిస్తున్నారు, ఈ రెండిటికీ మధ్య ఉన్న ఖాళీని జడ్జిగారి ముందు పెడితే చాలు. ఆ ఖాళీ చాలాసార్లు తేదీల్లో, గంటల్లో దొరుకుతుంది. అందుకే కొత్త కేసు రాగానే నేను కథ వినను. ఒక పొడుగు కాగితం తీసుకుని ఛార్జిషీటులో కనిపించిన ప్రతి టైమూ దాని మీద వరసగా రాస్తాను. రెండు రోజులు పడుతుంది, కానీ ఆ తర్వాత కేసు అరచేతిలో కనిపిస్తుంది.

మీ కేసులో టీ కొట్టు సీసీటీవీ చూడండి. దీన్ని 'చివరిసారి కలిసి కనిపించడం' అంటారు. 9.40కి ఇద్దరూ కలిసి టీ తాగారు, మర్నాడు సాయంత్రం నాలుగింటికి శవం దొరికింది. ఆ మర్నాడు ఉదయం 11కి పోస్ట్‌మార్టం మొదలైంది, అప్పటికి 24 నుంచి 36 గంటల ముందు ప్రాణం పోయిందని డాక్టర్ రాశారన్నారు. లెక్క వేసుకోండి. తొలి రాత్రి 11కి ముందు చావలేదు, రెండో రోజు ఉదయం 11లోపు చనిపోయాడు. అంటే టీ తాగడానికీ చావుకీ మధ్య తక్కువలో తక్కువ గంటా ఇరవై నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ 13 గంటల పైమాట. మధ్యలో మూడో మనిషి వచ్చే అవకాశమే లేనంత తక్కువ తేడా ఉంటేనే ఈ సాక్ష్యం పనికొస్తుందని 2005లో సతీశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సర్జాపుర రోడ్డులో 13 గంటల్లో ఎంతమంది మనుషులు ఎదురవుతారో వేరే చెప్పాలా!

ఆ 9.40 అయినా నిజంగా 9.40 యేనా? చిన్న కొట్లలో సీసీటీవీ రికార్డు చేసే డీవీఆర్ పెట్టె గడియారం పది నిమిషాలు, ఒక్కోసారి గంట, అటూ ఇటూ ఉంటుంది, కరెంటు పోయి వస్తే మరీనూ. సీజ్ చేసేటప్పుడు అసలు టైముకీ డీవీఆర్ టైముకీ తేడా ఎంతో మహజరులో, అంటే పోలీసులు సాక్షుల ముందు రాసే రిపోర్టులో, రాయాలి. రాశారేమో చూడండి. తర్వాత కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఫుటేజ్ ఏ యంత్రం నుంచి ఎలా తీశారో రాసిచ్చే కాగితం. పాత చట్టంలో అది 65బి. 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో ఆ సర్టిఫికెట్ తప్పనిసరని తేల్చేశారు. కొత్త చట్టంలో హ్యాష్ విలువ కూడా ఉండాలి. ఫుటేజ్ వేలిముద్ర లాంటిదనుకోండి, ఒక్క ఫ్రేమ్ మారినా అంకె మారిపోతుంది. ఫుటేజ్ క్లోన్ కాపీ అడిగి తీసుకోండి, మెమరీ కార్డులో ఉన్నది కూడా డాక్యుమెంటేనని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఛార్జిషీటుతో ఇచ్చిన నాలుగు మసక ఫొటోలతో సరిపెట్టుకోవద్దు.

టీ కొట్టాయన జైల్లో ఐడెంటిఫికేషన్ పరేడ్‌లో మీ తమ్ముణ్ని గుర్తుపట్టాడని రాశారు. పరేడ్ ఏ తేదీన జరిగింది? అంతకు ముందు ఎన్ని రోజులు ఆ ముఖం టీవీలో తిరిగింది? నెల రోజులు చూసిన ముఖాన్ని పదిమందిలో ఎవరైనా గుర్తుపడతారు. టీవీ వాళ్ల వల్ల మీకు జరిగిన నష్టం పూడ్చలేనిది, కానీ ఆ క్లిప్పులన్నీ తేదీలతో సహా దాచుకోండి. వాళ్లు చేసిన అన్యాయమే ఇక్కడ మీకు పనికొచ్చే కాగితం అవుతుంది. ఛానెళ్ల మీద కేసులు వేయాలా అంటే, ఇప్పుడు కాదు. ఉన్న డబ్బు, ఓపిక ట్రయల్ మీద పెట్టండి.

ఇక కత్తి. పోలీసులు ఎక్కువ నమ్ముకునేది దీన్నే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

పోలీసుల దగ్గర నిందితుడు చెప్పిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. మీ ఛార్జిషీటులో 'స్వ ఇచ్ఛా హేళికె' అనే కన్నడ కాగితం ఉంటుంది, అందులో మీ తమ్ముడు అంతా పూసగుచ్చినట్టు ఒప్పుకున్నట్టు రాసి ఉంటుంది. దాన్ని చూసి మీ అమ్మగారు ఏడ్చారన్నారు. ఏడవొద్దని చెప్పండి. అందులో పనికొచ్చేది ఒక్క ముక్కే, ఆ మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ వరకు. పాత 27వ సెక్షన్, ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టం 23వ సెక్షన్ చివర ఉంది.

ఈ సూత్రం మన గుంటూరు నేల మీద పుట్టిందే. రెండు వర్గాల కొట్లాటలో జరిగిన హత్యల కేసు, పులుకూరి కోటయ్య కేసు అంటారు. లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1946 డిసెంబరులో తీర్పొచ్చింది. నిందితుడొకడు, పులిపాడు చెరువు దగ్గర కాపు కాసి ఫలానా వాళ్లను కొట్టి చంపాం, ఈటె, కర్ర ఫలానా ఆయన గడ్డివామిలో దాచాను, వస్తే చూపిస్తాను అన్నాడు. ఇందులో దాచాను, చూపిస్తాను అన్నంత వరకే సాక్ష్యం, చంపాం అన్నది కాదు అంది ప్రీవీ కౌన్సిల్. గడ్డివామిలో ఈటె ఉందని అతనికి తెలుసు, అంతే. ఆ ఈటెతోనే హత్య జరిగిందని వేరే సాక్ష్యంతో రుజువు చెయ్యాలి. ఎనభై ఏళ్లు కావస్తోంది, ఇవాళ్టికీ దేశంలో ఏ కోర్టులో కత్తి దొరికినా కోటయ్య పేరు వినబడుతుంది. పీపీలు, అంటే ప్రభుత్వ లాయర్లు, కూడా ఆయన పేరే చెబుతారు, సగం చెప్పి ఆపేస్తారు.

2022లో సుబ్రమణ్య వర్సెస్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. నిందితుడు ఆ మాట అన్నప్పుడే పంచలు, అంటే పోలీసులు పిలిచే బయటి సాక్షులు, అక్కడ ఉండాలి, అతను అన్న మాట అన్నట్టే రాయాలి, ఆ తర్వాత అందరూ కలిసి బయల్దేరాలి అని. మన ఆంధ్రాలో వీఆర్వోని కూర్చోబెట్టి మధ్యవర్తుల రిపోర్టు రాస్తారే, ఇక్కడ దాన్నే మహజరు అంటారు. చాలా మహజర్లలో పంచలు నేరుగా స్పాట్‌కే వచ్చి ఉంటారు. అంటే నిందితుడు ఏం చెప్పాడో వాళ్లు వినలేదు, చెప్పింది పోలీసు, విన్నదీ పోలీసే.

నా కేసు ఒకటి చెబుతాను, పేర్లు లేకుండా. రాజకాలువ పక్కన పొదలో, న్యూస్ పేపర్లో చుట్టిన కత్తి దొరికిందన్నారు. హత్య జరిగిన తొమ్మిదో రోజు. పంచ సాక్షి స్టేషన్ పక్కన జెరాక్స్ షాపు కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, బోనులోకి రాగానే చేతులు కట్టుకున్నాడు. అబద్ధం చెబుతున్నావు అని నేను అంటానని సిద్ధమై వచ్చాడు. నేను పేపరు గురించి అడిగాను.

"పేపరు ఏ భాషది?"

"కన్నడ సార్."

"అక్షరాలు చదవగలిగావా?"

"చదివాను సార్. సినిమా యాడ్ ఉంది."

"చిరిగిందా?"

"లేదు సార్, బాగానే ఉంది."

"పొద మీద రేకు గానీ కవరు గానీ ఏదైనా కప్పి ఉందా?"

"ఏం లేదు సార్."

అంతే. కూర్చున్నాను. పక్కన జూనియర్ నా కోటు లాగుతున్నాడు, వాన గురించి అడగండి సార్ అని. అడగలేదు. అడిగితే ఆ కుర్రాడు ఆలోచించి ఏదో సర్దుకుంటాడు, లేదా పీపీ లేచి రీ-ఎగ్జామినేషన్లో సర్దిస్తాడు. ఆ తొమ్మిది రోజుల్లో ఐదు రాత్రులు ఆ ప్రాంతంలో కుండపోత వాన. ప్రభుత్వ వాన లెక్కలు కోర్టు ద్వారా తెప్పించి, డిఫెన్స్ సాక్ష్యంగా పెట్టి, వాదనల రోజున ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. ఐదు రాత్రులు వానలో నానిన పేపరు మీద సినిమా యాడ్ చదవగలిగితే, ఆ పేపరు అక్కడ ఐదు రాత్రులు లేదు. తీర్పులో జడ్జిగారు కత్తిని పక్కన పెట్టారు. దాన్ని ఆనుకుని నిలబడ్డ మిగతావి కూడా పడిపోయాయి. అయితే అప్పటికి ఆ మనిషి నాలుగేళ్లు జైల్లో ఉన్నాడు, అది కూడా చెప్పాలి కదా.

ఇలా ఆగడం నాకు పుట్టుకతో రాలేదు. మొదట్లో ఒక కేసులో, మసక వెలుతురులో ఎలా గుర్తుపట్టావని సాక్షిని మూడుసార్లు గుచ్చిగుచ్చి అడిగాను. మూడోసారి అతను విసుక్కుని, "వాడు మా పై పోర్షన్లోనే అద్దెకుంటాడు సార్, రోజూ నా బండికి అడ్డంగా వాడి బండి పెడతాడు, నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. కోర్టంతా నవ్వింది. నా క్లయింటు నవ్వలేదు.

మీ కేసు కొత్త చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జూలై 1 తర్వాతది కాబట్టి మీకు ఇంకో ఆయుధం ఉంది. కొత్త నేర విచారణ చట్టం 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం అంతా వీడియో తీసి మేజిస్ట్రేటుకు పంపాలి. కత్తి తీసేటప్పటి వీడియో ఉందా? ఉంటే ఎప్పుడు మొదలవుతుంది, పొద ముందు నిలబడ్డాక మొదలవుతుందా, స్టేషన్ నుంచి మొదలవుతుందా? ఎండ ఎటు పడుతోంది, మహజరులో రాసిన గంటకి అది సరిపోతుందా? వీడియోనే లేకపోతే, ఎందుకు లేదని ఐవోని, అంటే దర్యాప్తు అధికారిని, అడగాల్సిన ప్రశ్న తయారుగా ఉంది.

చొక్కా మీద మరక సంగతి. మడివాళ ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబు) రిపోర్టు చివరి పేజీ చూడండి. 'మనిషి రక్తం' అని మాత్రమే ఉందా, గ్రూపు తేలిందా, డీఎన్ఏ చేశారా? గ్రూపు ఒక్కటే కలిస్తే అది ఊరంతటికీ కలుస్తుంది. 2011లో ముస్తకీమ్ కేసులో దొరికింది ఏబీ గ్రూపు రక్తం, అది అరుదైన గ్రూపే, అయినా అదొక్కటీ నేరాన్ని రుజువు చెయ్యదని సుప్రీంకోర్టు అంది. డీఎన్ఏ కలిసిందని ఉంటే వ్యవహారం బరువైనదే, దాచను. అప్పుడు చూడాల్సింది మరక ప్రయాణం. చొక్కా ఏ రోజు తీశారు, ఎవరు సీలు వేశారు, పీఎఫ్ (స్వాధీనం చేసుకున్న వస్తువుల ఫారం) నంబర్ ఎంత, స్టేషన్లో వస్తువులు దాచే మాల్ఖానాలో ఎన్ని రోజులుంది, ల్యాబుకు ఎవరు పట్టుకెళ్లారు, అక్కడ సీలు చెక్కుచెదరకుండా ఉందని రాశారా. ఢిల్లీ ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసుకున్న శాంపిళ్లను 27న గానీ ల్యాబుకు పంపలేదు. ఉరిశిక్ష పడ్డ ముగ్గుర్ని 2022లో సుప్రీంకోర్టు వదిలెయ్యడానికి చెప్పిన కారణాల్లో అదొకటి. జనానికి ఆ తీర్పు నచ్చలేదు, నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ శాంపిల్‌ను జాగ్రత్తగా చూసుకోనిది మేం కాదు కదా.

నోయిడా జంట హత్యల కేసులోనూ చూడండి. మన హైదరాబాద్ సీడీఎఫ్‌డీ ల్యాబు రిపోర్టులో దిండు గలీబుల వివరాలు తారుమారయ్యాయి, తర్వాత అది టైపింగ్ పొరపాటని అన్నారు. దాని మీద ఏళ్ల తరబడి వాదన నడిచింది. కింది కోర్టు శిక్ష వేసిన, చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రుల్ని 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు విడుదల చేసింది. అదే ఏడాది మార్చి 31న మన దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసులో, అప్పటికే ఎనిమిదేళ్ల పైన జైల్లో ఉన్న కుర్రాణ్ని హైకోర్టు నిర్దోషి అంది. విజయవాడ వాళ్లనడగండి, అరెస్టు రోజునే చాలామంది ఇతను కాదేమో అనుకున్నారు. అనుమానం పడటానికి ఊరికి ఒక్క రోజు చాలింది, కాగితం మీద తేలడానికి అన్నేళ్లు పట్టింది.

అప్పు తగాదా గురించి పెద్దగా చెప్పను. ఉద్దేశం ఉన్నంత మాత్రాన నేరం కాదు. ఆ వ్యాపారికి ఇంకా ఎంతమందితో లావాదేవీలున్నాయో ఆయన డైరీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పోలీసులు సీజ్ చేసి ఉంటే అవే చెబుతాయి. పోలీసులు సేకరించి, ఛార్జిషీటులో ఆధారపడని కాగితాల జాబితా కూడా నిందితుడికి ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. అది అడగండి. మీకు పనికొచ్చేవి తరచుగా అందులోనే ఉంటాయి.

పీపీ చివర్లో తప్పకుండా అనే మాట ఒకటుంది: "9.40కి కలిసి ఉన్నాడు, తర్వాత ఏం జరిగిందో ఇతనికే తెలియాలి, ఎందుకు చెప్పడు?" సాక్ష్య చట్టంలో పాత 106, ఇప్పటి 109వ సెక్షన్. అసలు కేసు రుజువు చేసే బరువును దీని చాటున నిందితుడి మీదికి నెట్టకూడదని 1956లోనే శంభునాథ్ మెహ్రా కేసులో చెప్పారు. ముందు వాళ్ల గొలుసు పూర్తి కావాలి, ఆ తర్వాతే మన మౌనం లెక్కలోకి వస్తుంది.

మౌనం అంటే గుర్తొచ్చింది, ఇది మన తెలుగువాళ్లకి బెంగళూరులో ప్రత్యేకంగా వచ్చే కష్టం. సాక్షులంతా అయ్యాక జడ్జిగారు నిందితుణ్ని నేరుగా ప్రశ్నలడుగుతారు, నేర విచారణ చట్టంలో పాత 313, ఇప్పుడు 351వ సెక్షన్. ప్రశ్నలు కన్నడలో ఉంటాయి. కడప వైపు కుర్రాడొకడు, నా క్లయింటే, "ఫలానా సాక్షి ఇలా చెప్పాడు, దీనికేమంటావు?" అని అడిగిన ప్రతిదానికీ తల ఊపి "హౌదు" అంటున్నాడు. కన్నడలో దానర్థం ఔను, నిజమే అని. వాడి ఉద్దేశంలో "ఆఁ, విన్నాను సార్" అని. నాలుగు ప్రశ్నలకు నాలుగు హౌదులు రికార్డయ్యాక నేను లేచి గోల చేశాను. అదృష్టం, జడ్జిగారు కలం కింద పెట్టి దుబాసీని పిలిపించారు. అర్థమయ్యే భాషలో అడగాలన్నది నిందితుడి హక్కు, కానీ మనం అడిగితేనే అది హక్కు. మీ తమ్ముడికి ఆటోవాళ్లతో మాట్లాడే కన్నడ వచ్చినా సరే, తెలుగులో అనువాదం కావాలని ముందే మెమో వేయించండి. ఆ దశలో రాతపూర్వకంగా సమాధానం ఇచ్చే వీలు కూడా చట్టంలో ఉంది.

ఒక్క హెచ్చరిక. ఆ రాత్రి అతను వేరే చోట ఉన్నాడని చూపించడానికి ఎవరైనా బంధువు సాక్ష్యం చెబుతానంటే, నిజమైతే తప్ప వద్దు. ఒక కుటుంబం ఇలాగే నాకు తెలియకుండా ఓ హోటల్ బిల్లు తెచ్చి పెట్టింది. పీపీ ఆ హోటల్ జీఎస్టీ నంబర్ చూపించి, ఆ రిజిస్ట్రేషన్ బిల్లు తేదీకి మూడు నెలల తర్వాతదని తేల్చాడు. అప్పటిదాకా కేసు మా వైపు ఉంది. గొలుసులో లింకు తక్కువైతే అబద్ధపు వివరణ దాన్ని పూడ్చదు, కానీ గొలుసు పూర్తిగా ఉంటే ఆ అబద్ధం ఇంకో లింకు అవుతుంది. పైగా జడ్జి కళ్లలో ఒకసారి నమ్మకం పోతే, వాన లెక్కలు తెచ్చినా వినరు.

నార్కో పరీక్షకు ఒప్పుకోమని ఎవరో సలహా ఇచ్చారన్నారు. ఒప్పుకోవద్దు. బలవంతంగా చెయ్యకూడదని 2010లో సెల్వి వర్సెస్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నిర్దోషి అని నిరూపించుకోవడానికి మత్తు సూది వేయించుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

చివరికి టవర్ లొకేషన్. ఎందుకు చివరికి ఉంచానంటే, మీరు చెయ్యాల్సిన తక్షణ పని ఇందులోనే ఉంది. టవర్ రికార్డు ఫోన్ ఏ టవర్ ఏ సెక్టారుకి తగిలిందో చెబుతుంది. మనిషి ఏ చెట్టు కింద నిలబడ్డాడో చెప్పదు, ఫోన్ ఎవరి జేబులో ఉందో చెప్పదు. పక్క టవర్ మీద రద్దీ ఉంటే దూరం టవర్‌కి కూడా తగులుతుంది. ఇవన్నీ క్రాస్ ఎగ్జామినేషన్లో అడగాల్సినవే. కానీ మీ లేఖలో ఒక మాట మీరు దాటేశారు, నేను దాటలేదు: మీ తమ్ముడు పని చేసే షోరూం ఆ స్పాట్‌కి రెండు కిలోమీటర్లలోపే ఉంది, రాత్రి షిఫ్ట్ పదింటి దాకా. అంటే ఆ ఫోన్ రోజూ రాత్రి ఆ టవర్‌కే తగులుతూ ఉండాలి. పోలీసులు ఒక్క రాత్రి రికార్డు పెట్టారు. అంతకు ముందు రెండు నెలల రాత్రులు కూడా పక్కన పెడితే, ఆ ఒక్క రాత్రికి ప్రత్యేకత ఏముంది?

ఆ పాత రికార్డులు ఎప్పటికీ ఉండవు. 2021 డిసెంబరు నుంచి టెలికాం కంపెనీలు కాల్ రికార్డులు కనీసం రెండేళ్లు దాచాలన్నది నిబంధన. మీకు ఏడాదిన్నర అయిపోయింది. మీ లాయరుగారిని ఈ వారంలోనే కొత్త నేర విచారణ చట్టం 94వ సెక్షన్ కింద పిటిషన్ వెయ్యమనండి. హత్యకు ముందు 60 రోజుల సీడీఆర్ (కాల్ రికార్డులు), ఏ నంబరు ఏ టవరుదో చెప్పే సెల్ ఐడీ చార్టుతో సహా, భద్రపరిచి కోర్టుకు పంపాలని అడగాలి. ఇప్పుడెందుకు, డిఫెన్స్ స్టేజిలో అడుగుదాం అని పీపీ అంటే, తర్వాత చూద్దాం గానీ చెరిపెయ్యకుండా ఉంచమని మాత్రం ఇప్పుడే ఆర్డర్ ఇవ్వండి అని అడగమనండి, సాధారణంగా ఇస్తారు. దాంతో పాటే షోరూం హాజరు రిజిస్టరు, బయోమెట్రిక్ ఉంటే దాని ప్రింటు కూడా మేనేజరు మారకముందే కాపీ తీసుకోండి. ఆ రెండూ చేతికొచ్చాక ఛార్జిషీటు జెరాక్స్ పట్టుకుని మీ లాయరుగారి దగ్గర కూర్చుని, ఆ పొడుగు కాగితం మీద టైములు రాయడం మొదలుపెట్టండి. కన్నడ అక్షరాలు మన అక్షరాల్లాగే ఉంటాయి, నెమ్మదిగా చదివితే మీకే సగం అర్థమవుతాయి.